సచివాలయం కంప్యూటర్‌కు అడ్మిన్ ఎవరు?

ఏలూరు జిల్లా పెదపాడు మండలంలో కంప్యూటర్ లేకుండా కదిలే పని ఇప్పుడు దాదాపు లేదు. కుల ధ్రువీకరణ కావాలన్నా, అడంగల్ తీసుకోవాలన్నా గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ ముందు నిలబడాల్సిందే. సొసైటీలో పంట రుణం, ఈ-క్రాప్ నమోదు, చేపల చెరువు మేత బిల్లు, ఐసు ఫ్యాక్టరీ లెక్కలు అన్నీ ఏదో ఒక సిస్టమ్ మీదనే తయారవుతున్నాయి. రైతు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, పొలం సర్వే నంబరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు వాటిలోకే వెళుతున్నాయి. అలాంటి సిస్టమ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలో, ఏది ఉండకూడదో నిర్ణయించేది ఎవరు? చాలా చిన్న ఆఫీసుల్లో అది ఎవరి పనీ కాదు. ఆ రోజు దాని ముందు కూర్చున్నవారికి ఏది అవసరమైతే అది ఎక్కుతుంది.

ఇది ఆగాలి. అయితే దీన్ని ఆపడమంటే ‘అనుమతి లేనిదే సాఫ్ట్‌వేర్ ఎక్కించరాదు’ అని సర్క్యులర్ పంపి, ఉద్యోగి చేత సంతకం పెట్టించుకోవడం కాదు.

ఒక్క కంప్యూటర్‌లో అనుమతి లేని ప్రోగ్రాం నడిస్తే ఏమవుతుందో హైదరాబాద్‌లో మహేష్ బ్యాంక్ ఉదంతం చూపించింది. ఆ సహకార అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12.48 కోట్ల రూపాయలు కాజేశారు. అదే ఏడాది మార్చిలో నగర పోలీసు కమిషనర్ సి.వి.ఆనంద్ చెప్పిన వివరాల ప్రకారం దాడికి బీజం అంతకుముందు నవంబర్‌లోనే పడింది. బ్యాంకు సిబ్బందికి సుమారు 200 మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచింది ఇద్దరే. ఆ ఇద్దరి సిస్టమ్‌లలోకి దూరం నుంచి నడిపించే ట్రోజన్ చేరింది. తర్వాత కీ బోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరాన్నీ పట్టుకునే కీలాగర్ వచ్చింది. దాంతో యూజర్ నేములు, పాస్‌వర్డ్‌లు బయటికి పోయాయి. డబ్బు మొదట వందకు పైగా ఖాతాల్లోకి, అక్కడి నుంచి దేశంలోని అనేక ఏటీఎంలకు పాకింది. 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఆ ఇద్దరు ఉద్యోగుల మీద కోపం రావడం సహజం. కానీ రెండు వందల మెయిళ్లు పంపితే ఇద్దరైనా తెరుస్తారని ఏ బ్యాంకైనా ముందే అనుకుని సిద్ధపడాలి. అసలు అడగాల్సినది వేరే ఉంది. మెయిల్‌లో వచ్చిన ప్రోగ్రాం గుమాస్తా సిస్టమ్‌లో ఎందుకు నడవగలిగింది? అక్కడి నుంచి బ్యాంకు ప్రధాన సర్వర్ దాకా దానికి దారి ఎలా దొరికింది? వీటికి జవాబు చెప్పాల్సింది క్లిక్ చేసినవారు కాదు, ఆ సిస్టమ్‌ను అలా అమర్చి ఇచ్చినవారు. 2017 మేలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్‌లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లను తాకినప్పుడూ ఇదే సంగతి. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చింది. దాన్ని సమయానికి ఎక్కించడం రైటర్ పనీ కాదు, కానిస్టేబుల్ పనీ కాదు.

ఉద్యోగి బయటి సాఫ్ట్‌వేర్ ఎందుకు ఎక్కిస్తాడు? ఆటల కోసం, సినిమాల కోసం ఎక్కించేవారు ఉండొచ్చు. మన ఆఫీసుల్లో ఎక్కువ సందర్భాల్లో కారణం పనే, అందులోనూ తెలుగు పని.

ఒక ఉత్తర్వు కాపీయో, ఆహ్వాన పత్రం ముసాయిదానో అను ఫాంట్‌లో వస్తుంది. డీటీపీ సెంటర్లు, ప్రెస్సులు దశాబ్దాలుగా పేజ్‌మేకర్‌లో ఆ ఫాంట్లతోనే పనిచేశాయి. అది యూనికోడ్ కాదు. ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ కనబడదు, ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. సాయంత్రంలోగా దాన్ని సరిచేసి పంపమని పైనుంచి ఫోన్. లైసెన్సు కొనే అధికారం ఆపరేటర్‌కు లేదు, కొనిచ్చే పద్దు ఆఫీసులో లేదు. నెట్‌లో వెతికితే క్రాక్ వెర్షన్ దొరుకుతుంది. దానితో వచ్చే చిన్న నోట్‌లో మొదటి సూచన ఇలా ఉంటుంది: ముందు యాంటీవైరస్ ఆపేయండి, తర్వాత రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కండి. గేటు మూసే రక్షణను తీసేసి, ఎవరో తెలియనివారి ప్రోగ్రాంకు సిస్టమ్ మీద సర్వాధికారాలు ఇమ్మని ఆ రెండు వాక్యాల అర్థం. పని ఒత్తిడిలో ఉన్న మనిషి ఆ రెండూ చేసేస్తాడు. క్రాక్ దొరకనివారు ఆ పాఠాన్ని తీసుకెళ్లి ఊరూ పేరూ తెలియని ‘అను టు యూనికోడ్’ వెబ్‌సైట్‌లో పేస్ట్ చేస్తారు. అందులో లబ్ధిదారుల జాబితా ఉంటే అదీ దాంతోపాటే పోతుంది.

గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ సంగతీ అంతే. విండోస్‌లో నెట్ లేకుండా పనిచేసే ఆ ప్రోగ్రాంను గూగుల్ ఎప్పుడో ఆపేసింది. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టడానికి అలవాటుపడినవారు ఇప్పటికీ దాన్ని ఎక్కడెక్కడి సైట్ల నుంచో దించుకుంటున్నారు. ఆ అవసరమే లేదు. 2019 నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీ బోర్డు ఉంది, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకుంటే చాలు. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, ఎన్‌టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు పైసా ఖర్చు లేకుండా, ఏ చట్టమూ అడ్డురాకుండా దొరుకుతున్నాయి. ఈ మాట చెప్పి, చేసి చూపించేవారు సచివాలయం గడప తొక్కితే సగం క్రాక్‌ల అవసరం తీరిపోతుంది. తెలుగులో పాలన జరగాలని గట్టిగా కోరుకునే మనం ఆ తెలుగును టైపు చేసే మనిషికి సక్రమమైన సాధనం ఇవ్వకపోవడం నన్ను చాలా బాధిస్తుంది.

మరో రంధ్రం ఇంతకన్నా పెద్దది. ప్రింటర్ పనిచేయకపోతే సర్వీసు కుర్రాడికి ఫోన్ చేస్తారు. ‘ఎనీడెస్క్ వేసుకుని నంబర్ చెప్పండి’ అంటాడతను. తొమ్మిదో పదో అంకెలు చెబుతారు, అతను పని ముగిస్తాడు. దూరం నుంచి సిస్టమ్‌ను నడిపించే ఆ ప్రోగ్రాం మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఇదే పద్ధతిలో మోసగాళ్లు జనం ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు జారీ అయిన సైబర్ భద్రతా మార్గదర్శకాలు టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ లాంటివి అనుమతి లేకుండా వాడొద్దన్నాయి. పైరేటెడ్ సాఫ్ట్‌వేర్ వద్దన్నాయి. రోజువారీ పనికి మామూలు యూజర్ ఖాతానే వాడాలని, అడ్మిన్ అధికారం భద్రతాధికారి ఆమోదంతోనే ఇవ్వాలని స్పష్టంగా చెప్పాయి. ఒప్పంద, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికీ అవి వర్తిస్తాయి. మన మండలాఫీసుల్లోనూ అక్షరాలా అమలు చేయదగ్గ మాటలవి.

అడ్మిన్ అధికారం తీసేస్తే సమస్య మొత్తం తీరిపోతుందనుకోకూడదు. ఇప్పుడు వచ్చే చాలా ప్రోగ్రాంలకు ఆ అధికారం అక్కర్లేదు. కొన్ని యూజర్ సొంత ఫోల్డర్‌లోనే ఎక్కుతాయి. ఎనీడెస్క్ లాంటివి ఎక్కించకుండానే డౌన్‌లోడ్స్ నుంచి నేరుగా నడుస్తాయి. అందుకే రెండో అంచె కావాలి. దాని సూత్రం సులువు: ఉద్యోగి ఫైలు దాచుకోగల చోట ఏ ప్రోగ్రామూ నడవకూడదు, ప్రోగ్రాంలు నడిచే చోట ఉద్యోగి ఏదీ దాచుకోగలిగి ఉండకూడదు. విండోస్‌లోని యాప్‌లాకర్ చేసేది ఇదే. ప్రోగ్రాం ఫైల్స్, విండోస్ ఫోల్డర్లలో ఉన్నవాటినే నడవనిస్తుంది. విండోస్ ఫోల్డర్ లోపల టెంప్, టాస్క్స్ లాంటి చోట్ల మామూలు ఖాతా కూడా రాయగలదు కాబట్టి వాటిని విడిగా మూసేయాలి. ఆస్ట్రేలియా సైబర్ భద్రతా సంస్థ ఏ కార్యాలయమైనా ముందుగా చేయాల్సిన ఎనిమిది పనులని ఒక జాబితా ఇచ్చింది. అనుమతించిన ప్రోగ్రాంలనే నడవనివ్వడం, అడ్మిన్ అధికారాలు తగ్గించడం రెండూ అందులో ఉన్నాయి.

యాప్‌లాకర్‌ను మొదట దేన్నీ ఆపకుండా, నమోదు మాత్రమే చేసేలా పెట్టొచ్చు. నెల రోజులు అలా వదిలేస్తే ఆ ఆఫీసులో ఏ ప్రోగ్రాంలు నిజంగా వాడుతున్నారో లాగ్‌లో కనబడుతుంది. పీడీఎఫ్ సైజు తగ్గించేది ఉంటుంది, ఎందుకంటే పోర్టల్ పెద్ద ఫైలు తీసుకోదు. స్కానర్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, వేలిముద్రల పరికరం డ్రైవర్ ఉంటుంది. అనుమతి జాబితా ఆ లాగ్ చూసి తయారుచేయాలి. అమరావతిలో కూర్చుని ఊహించి రాసిన జాబితా పెదపాడులో రెండో రోజే విరిగిపోతుంది. వాడుకలో ఉన్న ప్రతి క్రాక్‌కూ బదులు ఏది ఇవ్వాలో తేల్చాకే తాళం వేయాలి.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. అడ్మిన్ పాస్‌వర్డ్ ఏలూరులో ఎవరి దగ్గరో ఉంటే, కొత్త ప్రింటర్‌కు డ్రైవర్ ఎక్కించడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ పింఛను అర్జీ పట్టుకుని వచ్చిన ముసలమ్మ తిరిగిపోతుంది. ఆమెను తిప్పి పంపే భద్రత నాకూ వద్దు. అయితే దీనికి దారి ఉంది. ప్రతి సిస్టమ్‌కూ వేరే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి, కేంద్రంగా భద్రపరిచి, వాడాక నిర్ణీత గడువులో దానంతటదే మారిపోయేలా చేసే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2023 ఏప్రిల్ నుంచి విండోస్‌లోనే ఇస్తోంది. ఏలూరులోని బాధ్యుడు ఫోన్‌లో ఆ పాస్‌వర్డ్ చెబుతాడు, డ్రైవర్ ఎక్కుతుంది, గడువు దాటాక ఆ పాస్‌వర్డ్ చెల్లదు. ఇందుకు కావాల్సింది ఫోన్ ఎత్తే మనిషి. ఆఫీసు వేళల్లో గంటలోపు స్పందించాలని రాతపూర్వకంగా ఒప్పుకున్న మనిషి డివిజన్‌కు ఒక్కరు ఉండాలి. సర్క్యులర్లలో లేనిది ఆ పోస్టే.

ఈ జిల్లాకు ఇది కొత్త పరీక్ష కాదు. 2002లో, ఏలూరు ఉమ్మడి పశ్చిమ గోదావరికి కేంద్రంగా ఉన్న రోజుల్లో, కలెక్టర్ సంజయ్ జాజు చొరవతో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. వాటిలో చాలా కేంద్రాలను స్వయం సహాయక సంఘాల మహిళలు నడిపారు. అంతకుముందు కంప్యూటర్ ముట్టుకోనివారికి నేర్పితే నేర్చుకున్నారు, జనానికి సేవలందించారు. ఈ రోజు పెదపాడు మండలంలోనే వట్లూరులో ఇంజినీరింగ్ కళాశాల ఉంది, తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది. చదువుకున్నవారికి కొదవ లేని ప్రాంతంలో ఆ ఒక్క పోస్టుకు మనుషులు దొరకరంటే నమ్మలేం.

చట్టం సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, పైరేటెడ్ ప్రోగ్రాం అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు ఉంది. వ్యక్తిగత డేటాకు తగిన రక్షణ కల్పించని సంస్థకు 2023 డేటా రక్షణ చట్టం 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పెట్టింది. మొదటిది నేరుగా తగిలేది సిస్టమ్ ముందు కూర్చున్న ఆపరేటర్‌కే. అతనికి లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్ ఇవ్వకుండా ఆ సెక్షన్ చూపించి భయపెట్టడం అన్యాయం.

ఈ మార్పులకు తగిన సమయం ఇదే. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 2019, 2020 ప్రాంతంలో ఆఫీసులకు కొన్న సిస్టమ్‌లలో చాలావాటిని మార్చడమో, విండోస్ 11కు తేవడమో తప్పదు. ఆ కొనుగోలు టెండర్‌లోనే ఉద్యోగికి మామూలు ఖాతా, యాప్‌లాకర్, యూనికోడ్ ఫాంట్లు, తెలుగు కీ బోర్డు, పీడీఎఫ్ సాధనం ముందే అమర్చి ఇవ్వాలని షరతు రాయాలి. బాధ్యుడి ఫోన్ నంబరు ప్రతి సీపీయూ మీద అంటించి ఉండాలి. డబ్బా విప్పిన రోజు ఇచ్చేసిన అడ్మిన్ అధికారాన్ని ఆరు నెలల తర్వాత వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఏ ఆఫీసు సూపరింటెండెంట్‌ను అడిగినా చెబుతారు.