పిచ్చుకకు నలత, ఎర్రపిట్టకు చావు

జువాలజీ చదివే మాలాంటి వాళ్లకు పరాన్నజీవి అంటే పది మార్కుల ప్రశ్న. "జీవిత చక్రమును పటసహాయమున వివరింపుము" అంటారు. గుండ్రంగా బాణాలు గీసి, ఒక పక్క దోమను, ఇంకో పక్క ఎర్ర రక్తకణాన్ని వేసి పేర్లు రాస్తే మార్కులు పడతాయి. నేనూ గీశాను, మార్కులూ తెచ్చుకున్నాను. కాని ఆ బొమ్మలో ఏ ఊరూ లేదు, ఏ కాలమూ లేదు, ఆ క్రిమిని మోసే ప్రాణి మంచిచెడ్డలు అసలే లేవు. ఆ లోటు నాకు తరగతి గదిలో తెలియలేదు. మా ఇంటి కోళ్లగంప దగ్గర తెలిసింది.

మాది శనక్కాయ వేసే మెట్ట సేద్యం. వాన ముఖం చాటేసిన ఏడు ఇంట్లో నాలుగు డబ్బులు ఆడేది మా అవ్వ కోళ్ల వల్లనే. నేను ఇంటర్లో చేరిన నాడు కట్టిన ఫీజు గుడ్లమ్మిన డబ్బే. మూడేళ్ల కిందట ఎండాకాలంలో మా నాయన సంత నుంచి రెండు పెట్టల్ని తెచ్చాడు. నిగనిగలాడుతున్నాయి. ఆ రాత్రే మా కోళ్లతో కలిపి మూశాం. పదిరోజులు తిరక్కుండా మెడలు వాల్చి, పచ్చగా పారుకుని, ఇరవై రెండు కోళ్లు పోయాయి. కొక్కెర తెగులు. తెచ్చిన రెండిట్లో ఒకటి మాత్రం నిక్షేపంగా తిరుగుతూనే ఉంది. అమ్మినవాణ్ణి నేను తప్పుపట్టను. కొత్త కోడిని కొన్నాళ్లు వేరుగా ఉంచాలనీ, మన కోళ్లకు ముందే టీకా వేయించాలనీ తెలియని తప్పు మాదే. ఖాళీ గంప ముందు కూచుని అవ్వ ఒక్కమాటే అంది: "వాటి రోగం అవి తట్టుకున్యాయి, మనయి తట్టుకోల్యాకపాయ రా."

కొక్కెర తెగులు వైరస్ వల్ల వచ్చేది. మా పాఠ్యపుస్తకంలో పరాన్నజీవుల అధ్యాయంలోకి రాదు. అయినా అవ్వ మాట అడవిపక్షుల పరాన్నజీవులకు అచ్చంగా సరిపోతుందని తరువాత గ్రంథాలయంలో కూచుని చదివినప్పుడు తెలిసింది.

రోనాల్డ్ రాస్ పేరు మనకు కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టగోడలో మలేరియా క్రిమిని చూసింది ఆయనే. కాని కథలో రెండో సగం మనం మరిచిపోతాం. దోమ నుంచి క్రిమి మళ్లీ ఒంట్లోకి ఎలా చేరుతుందన్న ముడిని ఆయన విప్పింది మనుషుల్లో కాదు. 1898లో కలకత్తాలో, పక్షుల్లో. జబ్బు పక్షుల్ని కుట్టిన దోమల లాలాజల గ్రంథుల్లో క్రిమిని పట్టుకున్నాడు. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యమైన పిచ్చుకలకు జబ్బు అంటడం కళ్లారా చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి జ్వరం గుట్టు విప్పింది పిచ్చుక నెత్తురు!

ఆ పక్షి మలేరియా క్రిమిని ఇప్పుడు ప్లాస్మోడియం రెలిక్టమ్ అంటున్నారు. తరతరాలుగా దానితో కాపురం చేసిన పిచ్చుకలకు చాలావరకు అది నలత మాత్రమే. క్రిమి ఒంట్లో ఉంటూనే ఉంటుంది, పిచ్చుక గింజలు ఏరుకుంటూనే ఉంటుంది. ఇది స్నేహం కాదు. ఓర్వలేనివి ఎప్పుడో పోయి, ఓర్చుకున్నవాటి సంతానం మిగిలింది, అంతే.

ఇదే క్రిమి పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న హవాయి దీవుల్లో ఏం చేసిందో చూడండి. అక్కడ ఇఇవి అనే పిట్ట ఉంది. నిప్పుకణికలా ఎర్రన, ముక్కు వంకర, పూలతేనె దాని తిండి. ఒకప్పుడు ఆ దీవుల్లో దోమ అన్నదే లేదు. 1826 ప్రాంతంలో ఓడల వెంట క్యూలెక్స్ దోమ దిగింది. అది మరేదో కాదు, మన మురిక్కాలవల్లో పుట్టి కోస్తా జిల్లాల్లో బోదకాలు పంచిపెట్టిన దోమే. ఆ తరువాత మనుషులు ముచ్చటపడి తెచ్చి వదిలిన పరదేశపు పక్షుల వెంట క్రిమి చేరింది. క్రిమి ఉన్న దోమ ఒక్కసారి కుడితే ప్రయోగంలో ఇఇవి పిట్టలు నూటికి 90 చచ్చిపోయాయి. 2023లో అమెరికా ప్రభుత్వం హవాయికి చెందిన 8 పక్షి జాతులు ఇక లేవని తేల్చి, రక్షిత జాతుల జాబితా నుంచి తీసివేసింది. అడవుల నరికివేత, ఎలుకలు, పిల్లులు కూడా కారణమే. కాని దోమ పాలు తక్కువ కాదు. మిగిలిన పిట్టలు చలికొండల మీద తలదాచుకున్నాయి. సుమారు 13 డిగ్రీలకంటే చల్లగా ఉంటే క్రిమి దోమలో ఎదగదు. భూమి వేడెక్కుతున్నకొద్దీ దోమ కొండెక్కుతోంది. పిట్టకు ఎక్కడానికి కొండ మిగలడం లేదు.

అందుచేత నేననేది ఇదీ: పరాన్నజీవిని రాక్షసి అని తిట్టి ఊరుకోవడం శాస్త్రం కాదు. ఒకే క్రిమి ఒకచోట నలత, మరొకచోట వంశనాశనం. తేడా క్రిమిలో లేదు. దాన్ని మోసే ప్రాణిలో, ఆ చోటులో, అవి రెండూ కలిసి గడిపిన కాలంలో ఉంది. హవాయిలో అమాకిహి అనే పిట్ట కొన్ని పల్లపు అడవుల్లో ఆ క్రిమిని తట్టుకోవడం మొదలుపెట్టింది. తక్కినవాటికి ఆ గడువు దొరకలేదు. గడువు లేకుండా చేసింది మన ఓడ, మన పంజరం, మన సంతబుట్ట.

"అయితే దోమల్ని చంపొద్దంటావా?" అని నా రూమ్మేటు అడిగాడు. నేనలా అనను. హవాయికి దోమ పరాయిది. 2023 నుంచి అక్కడి మావీ దీవిలో ప్రత్యేకంగా పెంచిన మగదోమల్ని అడవిలో వదులుతున్నారు. మగదోమ కుట్టదు. దానితో జతకట్టిన ఆడదోమ పెట్టిన గుడ్లు పిల్లలు కావు. ఇది గురి చూసి కొట్టడం. మేం చేలో మందు కొట్టినట్టు పురుగునూ, ఆ పురుగును తినే పిట్టనూ కలిపి కొట్టడం కాదు. గురి కుదరాలంటే ఎవరు ఎవరిలో, ఎక్కడ, ఎలా బతుకుతున్నారో ముందు తెలియాలి.

అది తెలుసుకోవడానికి మనం సముద్రాలు దాటనక్కర్లేదు. మన కళాశాల వేపచెట్ల మీద కాకిగూళ్లున్నాయి. వాటిలో దొంగచాటుగా గుడ్లు పెట్టే కోయిలలున్నాయి, అదీ ఒక పరాన్నజీవనమే. హాస్టలు వెనక దోమలు పుట్టే మురిక్కాలవా ఉంది. మన జంతుశాస్త్ర సంఘం ఒక పుస్తకం తెరవాలి. ఏ చెట్టు మీద ఏ గూడు, ఎన్ని పిల్లలు ఎగిరాయి, ఏ నెలలో దోమలు పెరిగాయి అని రాయాలి. గూటిని తాకొద్దు, పిట్టను పట్టొద్దు. ఖర్చు ఒక నోటుపుస్తకం. ఏటా కొత్త బ్యాచి రాస్తూ పోతే పదేళ్లకు మ్యూజియం సీసాల్లో దొరకని చదువు అందులో దొరుకుతుంది. అధ్యాపకులకు కూడా ఒక మనవి: పరీక్షలో బొమ్మ అడగండి, కాని దాని కింద "ఎక్కడ? ఎవరిలో? ఎందుకు?" అని కూడా అడగండి.

మా అవ్వ మళ్లీ కోళ్లు పెంచుతోంది. పోయిన దసరాకు ఇంటికి పోతే, కొత్తగా తెచ్చిన పెట్ట దొడ్లో ఓ మూల వేరే గంప కింద ఉంది. ఇరవై రోజులు అక్కడేనట. ఎవరు చెప్పారే అని అడిగితే, "ఎవురు సెప్పల్ల? గంప కాళీ అయిన పొద్దే తెలిసె" అంది. నాకు తెలియడానికి మాత్రం హవాయి దాకా పోవలసి వచ్చింది.