నల్లతెర మీద నాలుగు మాటలు

మొన్న సంక్రాంతికి రాజోలు వెళ్లాను. భోజనాలయ్యాక అందరం అరుగు మీద చేరాం. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా బాబాయి కొడుకు ఓ మూల ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. నల్లటి తెర. దాని మీద తెల్లటి అక్షరాలు వరుసలు వరుసలుగా పైకి పాకుతున్నాయి. బొమ్మల్లేవు, బటన్లు లేవు, మౌసు ఊసే లేదు. మా పిన్ని తొంగిచూసి ‘పాడైపోయిందేంట్రా?’ అంది దిగులుగా.

‘లేదమ్మా, మాట్లాడుకుంటున్నాం’ అన్నాడు వాడు.

‘ఈ పాత చింతకాయ పచ్చడేంట్రా? చేతిలో అంత ఫోను పెట్టుకుని!’ అన్నాన్నేను. వాడు నవ్వి ఊరుకున్నాడు. కాసేపాగి, ఎవరూ వినకుండా నన్నో మాట అడిగాడు. ‘అన్నయ్యా, నాన్నతో చాటింగ్ చేసేవాళ్లు కదా. ఆ మాటలేమైనా నీ దగ్గరున్నాయా?’

నా దగ్గర సమాధానం లేదు.

2006లో నేను ఇంటర్ చదివేవాణ్ని. బాబాయి కువైట్‌లో డ్రైవరు. ఫోను చేస్తే బిల్లు మోత. అందుకని ప్రతి ఆదివారం పిన్నిని నెట్ సెంటరుకి తీసుకెళ్లేవాణ్ని. గంటకు ఇరవై రూపాయలు. పిన్ని చెబుతుంటే నేను ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాణ్ని. అవతల బాబాయి తరఫున ఆయన గదిలో ఉండే కుర్రాడెవరో కొట్టేవాడు. ‘పిల్లాడికి జ్వరం తగ్గిందా’, ‘చిట్టీ డబ్బు కట్టావా’, ‘గేదె ఈనిందా’... ఇవే కబుర్లు. పిల్లాడంటే వీడే. అప్పుడు ఆరేళ్లు, పక్కనే నిలబడి కీబోర్డు మీద చెయ్యేసేవాడు. తర్వాత బాబాయి తిరిగొచ్చేశాడు. 2016లో పోయాడు. ఆ చాట్లు ఎక్కడా దాచలేదు. దాచుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

అందుకే వాడి నల్లతెర మీద నాకు ఆసక్తి పుట్టింది. ‘నేర్పరా’ అన్నాను.

* * *

వాడు వాడుతున్న పద్ధతి పేరు ఐఆర్‌సీ. పూర్తిపేరు ఇంటర్నెట్ రిలే చాట్. ఇది మన వాట్సాప్ కన్నా, ఫేస్‌బుక్ కన్నా, ఆ మాటకొస్తే మనం చూసే వెబ్ కన్నా ముందుది. 1988 ఆగస్టులో ఫిన్లాండులోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే యువకుడు రాశాడు. 1991లో గల్ఫ్ యుద్ధం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి జనం ఇందులో చేరి వార్తలు పంచుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో సోవియట్ యూనియన్‌లో కుట్ర జరిగినప్పుడూ అంతే.

ఇందులో గదుల్ని చానెళ్లంటారు. ప్రతి చానెల్ పేరుకీ ముందు ఓ హ్యాష్ గుర్తు ఉంటుంది. ఎక్కడో చూసినట్టుందా? చూసే ఉంటారు. 2007లో ట్విట్టర్‌కి హ్యాష్‌ట్యాగ్ వాడదామని క్రిస్ మెస్సీనా ప్రతిపాదించినప్పుడు, ఆ గుర్తుకి దారిచూపింది ఈ చానెళ్లే.

ఐఆర్‌సీ అనేది కంపెనీ కాదు, యాప్ కాదు. ఒక ఒప్పందం. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో చెప్పే నిబంధనలు. అవి 1993లో అచ్చయ్యాయి కూడా. ఆ నిబంధనలు పాటించే ప్రోగ్రాం ఎవరైనా రాసుకోవచ్చు. సర్వరు ఎవరైనా నడుపుకోవచ్చు. మా తమ్ముడు వాడే ప్రోగ్రాం పేరు ఇర్సీ. దాన్ని రాసింది కూడా ఫిన్లాండు వాడే, టిమో సిరైనెన్. 1999 నుంచి ఉంది. ఉచితం.

ఇక అసలు సంగతి. దీన్ని పెట్టుకోవడమెలా? ఉబుంటూ లాంటి లినక్స్ ఉంటే ‘సూడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఇర్సీ’ అని టెర్మినల్‌లో కొడితే చాలు. విండోస్ వాళ్లు ముందు అందులో లినక్స్ ఉపవ్యవస్థను పెట్టుకోవాలి. (ఆదేశాలన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాం గానీ, కొట్టాల్సింది ఇంగ్లిషులోనే సుమా!) తర్వాత ‘ఇర్సీ’ అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్లతెర ప్రత్యక్షం. కింద ఓ నీలిపట్టీ, దాని కింద మనం టైపు చేసే వరుస. అంతే.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ముందు స్లాష్ గీత ఉంటే అది ఆదేశం. లేకపోతే అది మాట. మాట గదిలో అందరికీ వెళ్తుంది.

మొదట నెట్‌వర్క్ పేరు నమోదు చేయాలి: ‘స్లాష్ నెట్‌వర్క్ యాడ్’, ఆపైన పేరు. తర్వాత సర్వరు చిరునామా: ‘స్లాష్ సర్వర్ యాడ్’. దీంతోపాటే ‘ఆటో’ అని చేరిస్తే తెరవగానే తనే కలుస్తుంది. ‘టీఎల్ఎస్’ అని చేర్చి 6697 పోర్టు ఇస్తే, మన దగ్గర్నుంచి సర్వరు దాకా మాటలు గుప్తంగా వెళ్తాయి. ‘స్లాష్ జాయిన్’ అని చానెల్ పేరు కొడితే గదిలోకి అడుగుపెట్టినట్టే. అన్నీ కుదిరాక ‘స్లాష్ సేవ్’ మర్చిపోవద్దు. ఈ అమరికంతా ఒక చిన్న ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే ఏ కంప్యూటర్లో అయినా మీ ఇల్లు మీకు సిద్ధం.

నేను లిబెరా చాట్ అనే నెట్‌వర్క్‌లో చేరాను. అక్కడ మన పేరు ఇంకొకరు వాడకుండా నిక్‌సర్వ్ అనే సేవకుడికి పాస్‌వర్డ్, ఈమెయిలు చెప్పి నమోదు చేయించుకోవాలి. నేను ఉత్సాహంగా ఓ పెద్ద చానెల్లో కూర్చునే ఆ పని మొదలెట్టాను. స్లాష్ ముందు పొరపాటున ఒక ఖాళీ పడింది. ఒక్కటంటే ఒక్కటే! ఆదేశం కాస్తా మాటైపోయింది. నా పాస్‌వర్డ్ గదిలో ఉన్న వందలమంది కళ్లబడింది. రెండు క్షణాల్లో ఎవరో మహానుభావుడు ‘అది మార్చుకోండి’ అని మర్యాదగా చెప్పాడు. పక్కనున్న మా తమ్ముడు మాత్రం మర్యాద పాటించలేదు, పొట్టపట్టుకుని నవ్వాడు. అందుకే మీకు చెబుతున్నా. పాస్‌వర్డ్ పనులన్నీ ఒకటో కిటికీలోనే చేయండి. అది సర్వరు సమాచారం చూపించే కిటికీ. అక్కడ పొరపాటు జరిగినా వినేవారుండరు.

కిటికీలంటే గుర్తొచ్చింది. ప్రతి చానెల్‌కీ ఓ కిటికీ ఉంటుంది. ఆల్ట్ నొక్కి 2 కొడితే రెండోది, 3 కొడితే మూడోది. మనం చూడని కిటికీలో ఎవరైనా మాట్లాడితే కింది పట్టీలో దాని అంకె కనిపిస్తుంది. ఎవరైనా మన పేరెత్తితే ఆ అంకె రంగు మారుతుంది. టింగుమని మోగదు, వణకదు. మీరు చదివారా లేదా అని అవతలివారికి నీలిగీతలతో చాడీలు చెప్పదు. తీరినప్పుడు చూసుకోవచ్చు. పెద్ద చానెళ్లలో ‘ఫలానావారు వచ్చారు, ఫలానావారు వెళ్లారు’ అనే గోల విసుగనిపిస్తే ‘స్లాష్ ఇగ్నోర్’ ఆదేశంతో దాన్నీ నోరుమూయించవచ్చు. ఎదుటివారి పేరు మొత్తం కొట్టక్కర్లేదు. రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తిచేస్తుంది.

ఒక లోటుంది. మామూలుగా ఐఆర్‌సీ సర్వర్లు పాత మాటల్ని దాచిపెట్టవు. మీరు గదిలో లేనప్పుడు జరిగిన సంభాషణ మీకు దక్కదు. రచ్చబండ దగ్గర కబుర్లలాగే. దీనికి మా తమ్ముడు కనిపెట్టిన ఉపాయం... కాదు కాదు, దశాబ్దాలుగా అందరూ వాడుతున్నదే. బెంగళూరు గదిలో ఓ పాత ల్యాప్‌టాప్ ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. అందులో ‘స్క్రీన్’ అనే ప్రోగ్రాం లోపల ఇర్సీ నడుస్తుంది. కంట్రోల్, ఏ కలిపి నొక్కి వదిలేసి, డి కొడితే మనం బయటికొచ్చేస్తాం. ఇర్సీ మాత్రం అక్కడే కూర్చుని మన తరఫున వింటూ ఉంటుంది. రాజోలు నుంచి మళ్లీ కలిసి ‘స్క్రీన్ మైనస్ ఆర్’ అంటే, వదిలిన చోటు నుంచే కనిపిస్తుంది.

* * *

‘ఇంత కష్టపడటం ఎందుకురా?’ అని మళ్లీ అడిగాను. ఈసారి వాడు సమాధానం చెప్పాడు. ‘స్లాష్ సెట్ ఆటోలాగ్ ఆన్’ అని కొట్టి చూపించాడు. ఆ ఒక్క ఆదేశంతో ప్రతి గదిలోని ప్రతి మాటా మన కంప్యూటర్లోనే మామూలు ఫైల్లో రాసుకుపోతుంది. టైముతో సహా. ఆ ఫైలు చదవడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్ చాలు.

ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఆర్కుట్ 2014లో మూతపడింది. ఏఓఎల్ మెసెంజర్ 2017లో, యాహూ మెసెంజర్ 2018లో వెళ్లిపోయాయి. కోట్లమంది వాడినవే. కంపెనీ తలుపేస్తే లోపలున్న వాళ్లంతా బయటికి నడవాల్సిందే. ఐఆర్‌సీలోనూ గొడవలు రాకపోలేదు. 2021 మే నెలలో ఫ్రీనోడ్ అనే పెద్ద నెట్‌వర్క్ పెత్తనం మీద తగువొచ్చింది. దాన్ని నడిపే స్వచ్ఛంద సేవకులు ఒక్కుమ్మడిగా తప్పుకుని, లిబెరా చాట్ పెట్టుకున్నారు. ఉబుంటూ, వికీమీడియా లాంటి సమూహాలు అక్కడికి మారిపోయాయి. వాడేవాళ్లు చేయాల్సిందల్లా తమ అమరికలో సర్వరు చిరునామా మార్చుకుని, కొత్తచోట పేరు నమోదు చేసుకోవడమే. ప్రోగ్రాం అదే, ఆదేశాలు అవే. పాత మాటలు దాచుకున్నవారి ఫైళ్లు వారి దగ్గరే భద్రం.

అలాగని అన్నీ మంచి గుణాలే అనను. టీఎల్ఎస్ ఉన్నా సర్వరు నడిపేవారికి మన మాటలు చదివే వీలుంటుంది. మీరు దాచుకున్నట్టే అవతలివాళ్లూ దాచుకుంటారు. నోరుజారితే ఎవరి పుస్తకంలోనో అది శాశ్వతం. అందుకే గుట్టు మాటలకు ఇది చోటు కాదు. ఫొటోలు, వీడియోలు అంటారా? లింకు ఇవ్వాల్సిందే.

మన తెలుగుకి ఇంకో చిక్కు కూడా ఉంది. ఐఆర్‌సీలో ఒక సందేశం 512 బైట్లు దాటకూడదు. అందులో చిరునామా ఖర్చులూ పోవాలి. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అచ్చుగుర్తులతో సహా ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. ఇంగ్లిషులో రాస్తే ఆరు బైట్లు పట్టే ‘తెలుగు’ అనే మాట, తెలుగులో రాస్తే పద్దెనిమిది మింగుతుంది. కాబట్టి మన వాక్యం తొందరగా నిండిపోతుంది. ఇర్సీ దాన్ని ముక్కలు చేసి రెండు వరుసలుగా పంపుతుంది. అది సర్దుకోవచ్చు. కానీ టెర్మినల్ అంటే గళ్ల కాగితం లాంటిది. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. ఒత్తులు, గుణింతాలు ఆ గళ్లలో ఇమడవు. చాలా టెర్మినళ్లలో ‘అన్నయ్య’ అని కొడితే ఒత్తులు ఓ పక్క, అక్షరాలు ఓ పక్క విడిపోయి కనిపిస్తాయి. బ్యాక్‌స్పేస్ నొక్కితే ఏది చెరుగుతుందో దేవుడికే తెలియాలి.

* * *

పండగయ్యాక తమ్ముడు బెంగళూరు వెళ్లిపోయాడు. వెళ్తూ ఆ పాత ల్యాప్‌టాప్‌లోనే ఓ చిన్న సర్వరు పెట్టి, మా ఇంటివాళ్లకంటూ ఓ గది తెరిచాడు. అందులో ఉండేది ముగ్గురమే. వాడు, నేను, నా పక్కన పిన్ని.

నేను హైదరాబాదు బయల్దేరే ముందురోజు రాత్రి పిన్నిని కూర్చోబెట్టాను. ‘చెప్పు పిన్నీ, కొడతాను’ అన్నాను. ‘ఇంకా ఈ పని మానలేదా నువ్వు’ అని నవ్వింది. తర్వాత చెప్పడం మొదలెట్టింది. అన్నం తిన్నావా, వానొచ్చి అప్పడాలు తడిసిపోయాయి, కిందింటి వాళ్లమ్మాయికి సంబంధం కుదిరింది... అలా చెబుతూ చెబుతూ బాబాయి దగ్గరికొచ్చింది. కువైట్ నుంచి తొలిసారి వచ్చినప్పుడు విమానాశ్రయంలో వీణ్ని గుర్తుపట్టలేక ఇంకెవరి పిల్లాణ్నో ఎత్తుకున్నాడట! ఆ సంగతి నాకూ తెలియదు. అవతల వాడు చాలాసేపు ఏమీ కొట్టలేదు. తర్వాత ‘ఇంకా చెప్పమ్మా’ అన్న వరుస పైకి వచ్చింది.

ఈసారి తెలుగు అక్షరాల్లోనే కొట్టాను. తెరమీద ఒత్తులన్నీ చెల్లాచెదురయ్యాయి. పిన్ని చూసి ‘ఇదేం రాతరా?’ అంది. అప్పుడు ఆ లాగ్ ఫైలుని మామూలు ఎడిటర్లో తెరిచి చూపించాను. ఒక్క ఒత్తు కూడా తప్పిపోలేదు. చెదిరింది తెరమీద చూపు మాత్రమే, రాత కాదు.

పిన్ని కళ్లజోడు సర్దుకుని తన మాటల్ని తనే మొదటి నుంచీ చదువుకుంది. చివర్లో నాకో తప్పు దొరికింది అంది. ‘అప్పడాలు కాదురా, వడియాలు తడిశాయన్నాను.’