హిమాలయమునకు వచ్చిన మొరాకో శిలాజము

సున్నపురాతిని పలుచని ఆమ్లములో దినముల తరబడి నానవేసి, అడుగున మిగిలిన మడ్డిని సన్నని జల్లెడపై కడిగి, ఆ రేణువులను సూక్ష్మదర్శిని క్రింద పరచి, తడి కుంచె కొసతో ఒక్కొక్కదానిని ఏరినచో, ఆవగింజకంటె చిన్నవైన దంతాకృతులు కొన్ని కానవచ్చును. కోట్లాది సంవత్సరముల క్రిందట సముద్రములలో సంచరించి నశించిన జీవుల నోటి భాగములగు ఈ కోనోడాంట్లను బట్టియే భూవిజ్ఞాని శిల వయస్సును నిర్ణయించును. అయితే ఏ కొండలో ఏ పొరనుండి తెచ్చినదో చెప్పజాలని శిలాజమునకు శాస్త్రములో చోటు లేదు. దాని విలువ యంతయు తెచ్చినవాని మాటపై నిలిచియున్నది.

ఆ మాటయే అనృతమైనచో నేమగునో చండీగఢ్‌లోని పంజాబు విశ్వవిద్యాలయాచార్యుడు విశ్వజిత్ గుప్తా ఉదంతము చూపుచున్నది. ఇంచుమించు 25 సంవత్సరముల కాలములో హిమాలయ శిలాజములను గూర్చి ఆయన పేరిట 300కు పైగా పత్రములు వెలువడెను. 1989లో ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ 'నేచర్' పత్రికలో ఈ గుట్టు విప్పెను. హిమాలయములవని ప్రకటితములైన కోనోడాంట్లు న్యూయార్కు రాష్ట్రములోని ఆమ్స్‌డెల్ క్రీక్‌లో లభించువానితో సరిపోలుచున్నవనియు, మెలికలు తిరిగిన అమ్మొనాయిడ్ శిలాజములు మొరాకోలోని ఎర్ఫూద్ ప్రాంతమునుండి వచ్చి పారిస్ దుకాణములలో అమ్ముడగు జాతివే యనియు ఆయన చూపెను.

ఈ పత్రములలో ననేకములకు విదేశీయ పండితులు సహరచయితలు. కొండ నెక్కక, పొరను కంటితో చూడక, తమకు పంపబడిన నమూనాను నమ్మి వర్ణించి సంతకము చేసినవారు వీరిలో నుండిరి. వారు మోసగాండ్రని నే ననను. తోటివాని మాట నమ్మకున్నచో ఏ శాస్త్రమును ముందునకు సాగదు. కాని పత్రముపై పేరు వేసికొనినవాడు ఆ శిల పుట్టిన తావును గూర్చియు పూచీ వహింపవలదా?

విశ్వవిద్యాలయపు విచారణలో దోషము నిరూపితమయ్యెను. అయినను ఆచార్యుడు పదవీవిరమణ వయస్సు వరకు కొలువులోనే కొనసాగెను. నన్ను మిక్కిలి బాధించున దిదియే. దీనిని ఒక ఉద్యోగి క్రమశిక్షణకు సంబంధించిన ఫైలుగా నెంచి ఇంక్రిమెంట్ల లెక్కతో ముగించిరి గాని, గ్రంథాలయపు టరలలో మిగిలిన ఆ వందల పత్రములను, వానిని నమ్మి ప్రాచీన సముద్రముల హద్దులు గీచిన ఇతరుల రచనలను శుద్ధి చేయు భారము తమపై గలదని తలచినట్లు కానరాదు.

ఇప్పుడు మన పరిశోధకుల సిద్ధాంతవ్యాసము సమర్పింపబడుటకు ముందు సాఫ్ట్‌వేర్‌చే తనిఖీ యగుచున్నది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారము నూటికి 10 వంతులలోపు సామ్యమున్నచో శిక్ష లేదు. ఈ యేర్పాటు మంచిదే. పరుల వాక్యములను దొంగిలించువానిని పట్టును. కాని వాక్యములన్నియు సొంతమై, శిల మాత్రము ఎరువు తెచ్చినదైనచో ఆ యంత్ర మేమి చేయగలదు? కొలవని కొలతలతో నింపిన పట్టికను గుర్తించుటయు దానికి శక్యము కాదు.

కావున మౌఖిక పరీక్షకు వచ్చు పరీక్షకుడు బల్లపైని వ్యాసముతో తృప్తిపడక, నమూనాల బీరువా తెరువుమని యడుగవలెను. ప్రతి రాతిసంచిపైని సంఖ్యయు తేదియు క్షేత్రపుస్తకములోని వానితో సరిపోవుచున్నవో లేదో తానే చూడవలెను. ఆ పుస్తకము లేనిచో పరీక్షను ఆ దినమునకు నిలిపివేయవలెను.