గోడతో పాటు న్యాయం కూడా

సన్బల్లటు, టోబీయాలు ఎగతాళి చేశారు, దాడికి కుట్ర పన్నారు. అయినా దేవుని సహాయంతో నెహెమ్యా యెరూషలేము గోడను 52 దినాల్లో పూర్తి చేశాడు. అయితే మధ్యలో ఉన్న 5వ అధ్యాయాన్ని మనం దాటేస్తుంటాం. అక్కడ పేదలు మొరపెట్టింది శత్రువుల మీద కాదు, తమ పొలాలు తాకట్టు పట్టిన సొంత సహోదరుల మీద! నెహెమ్యా వాళ్లను గద్దించి, ఆ పొలాలు తిరిగి ఇప్పించాడు.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తెలుగు క్రైస్తవులు భాషలోనూ విశ్వాసంలోనూ అల్పసంఖ్యాకులే. దళిత క్రైస్తవులకైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా కూడా లేదు. ఈ అన్యాయం తొలగాలని ప్రార్థిద్దాం, అడుగుదాం. కానీ మన సంఘంలో, పెళ్లి సంబంధాల్లో మనమే కులం చూస్తే, ఆ మొర మన మీదే. ముందు దాన్ని సరిచేసుకుందాం. నమ్మదగిన దేవుడు మనల్ని విడువడు.