మా ఇంట్లో చద్దన్నం ఎవరిది?

మొన్న వేసవి సెలవులకి వచ్చిన మా అమ్మాయి ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. పెద్ద గిన్నెలో చల్లటి అన్నం, దాని మీద ఒక పక్క కీరా ముక్కలు, ఒక పక్క క్యారట్ తురుము, కాసిని మొలకలు, నాలుగు దానిమ్మ గింజలు. "రైస్ బౌల్ అమ్మా! మా ఆఫీసు దగ్గర 280 రూపాయలు" అంది.

అప్పటికి నేను వంటింట్లో గట్టు పక్కన నిలబడి, రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటున్నాను. అది నా గిన్నెలోకి తొంగి చూసి, "నువ్వు తినేదీ ఇదేగా. మా అందరికీ ఇడ్లీలు వేసి, నువ్వొక్కదానివే ఇలా నిలబడి ఎందుకు తింటున్నావు?" అంది.

నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ మాట రెండ్రోజులు నన్ను వదల్లేదండీ. పెళ్ళై ఈ దెందులూరు వచ్చి 26 ఏళ్ళు. ఇన్నేళ్ళలో మా వారి కంచంలో ఒక్కసారైనా చద్దన్నం పెట్టానా అని ఆలోచిస్తే, గుర్తు రాలేదు.

ఈమధ్య ఎక్కడ చూసినా చద్దన్నం గొప్పతనమే. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి చల్దులు ఆరగించాడని మనందరికీ తెలుసు. ఒడిశా వాళ్ళు పఖాళ పేరుతో ఏటా మార్చి 20న పండగే చేసుకుంటారు. 2021లో ఆస్ట్రేలియా మాస్టర్‌షెఫ్ ఫైనల్లో బంగ్లాదేశ్ మూలాలున్న కిష్వర్ చౌధురి ఈ నీళ్ళన్నాన్నే వండి పెడితే ప్రపంచమంతా చూసింది. అంతా బాగానే ఉంది. కానీ పొగిడేవాళ్ళు ఒక్క మాట మాత్రం చెప్పరు, ఇంట్లో అది ఎవరి వాటాకి వస్తోందో.

మా అత్తయ్యగారు చెప్తారు. మామగారి రోజుల్లో మగవాళ్ళు తెల్లారకుండానే చద్ది తిని పొలానికి వెళ్ళేవారట. వంటింట్లో ఒక మూల తరవాణి కుండ ఉండేదట. తర్వాత గ్యాసు పొయ్యి వచ్చింది, గ్రైండరు వచ్చింది, వాటి వెనకే టిఫిన్లూ వచ్చాయి. చద్దన్నం పోలేదు, ఆడవాళ్ళ గిన్నెలోకి దిగింది. "అన్నం పారేయకూడదు" అనే నియమం ఇంటిల్లిపాదికీ ఉన్నా, పాటించే పని మాత్రం మాది!

సరిగ్గా అదే నెలలో ఏలూరులో పరీక్ష చేయిస్తే, మా వారికి షుగరు సరిహద్దులో ఉందన్నారు. "అన్నం మానక్కర్లేదు. కొలిచి తినండి, కూరలు ఎక్కువ తినండి" అన్నారు డాక్టరుగారు. చుట్టూ వరి చేలున్న ఊళ్ళో ఈ మాట చెప్పినంత తేలిక కాదు. పక్క జిల్లాలోని మార్టేరు కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకాన్ని పండించుకుని, దాన్నే తెల్లగా పాలిష్ పట్టించి, మూడు పూటలా కుప్పపోసుకుని తినే అలవాటు మాది. ఈయన పొద్దున్న ఆరు ఇడ్లీలు తినేసి "నేను అన్నం తినలేదుగా" అనేవారు. ఇడ్లీ రవ్వ ఎక్కణ్ణుంచి వచ్చిందండీ మరి?

అప్పుడు నిర్ణయించుకున్నాను. వారానికి నాలుగు రోజులు పొద్దున్న పొయ్యి వెలిగించను. అందరికీ ఒకటే అన్నం, గిన్నె మాత్రం ఎవరిది వాళ్ళే కలుపుకోవాలి.

పని పెద్దగా ఏమీ లేదు. రాత్రి వండిన అన్నం వెడల్పు పళ్ళెంలో పరిచి ఆరబెడతాను. ఆరగానే మట్టి గిన్నెలో వేసి, గోరువెచ్చటి పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు పెడతాను. పొద్దున్నకి కమ్మగా తోడుకుంటుంది. బల్ల మీద ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కీరా, క్యారట్ తురుము, నానబెట్టి మొలకెత్తించిన పెసలు, వేయించి ఉంచిన వేరుసెనగ గుళ్ళు, పచ్చి మామిడి ముక్కలు, కొత్తిమీర. అన్నం లేని రోజు అటుకులు కడిగి, కాసేపు నానబెట్టి, పెరుగు కలిపితే సరి.

మా వారికి ఒక గరిటె అన్నం, దానికి రెండింతలు కీరా, మొలకలు. అత్తయ్యగారికి బీపీ, అందుకని ఆవిడ గిన్నెలో ఊరగాయ లేదు, మెత్తగా మెదిపిన అన్నంలో మామిడి తురుము. మా అబ్బాయిది కొల్లేరు నోరు, నిన్నటి చేపల పులుసు ఉంటే వాడికి ఇంకేం అక్కర్లేదు. అమ్మాయి దానిమ్మ గింజలు చల్లుకుని ఫొటో తీసుకుంటుంది. నాకు మాత్రం ఒక్క ఆవకాయ బద్ద ఉండాల్సిందే.

మొదటిరోజు గొడవ జరగలేదని చెప్పను. "మొగాడికి చద్దన్నం పెడతావా అమ్మాయ్? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు అత్తయ్యగారు. నాకు ఉక్రోషం వచ్చింది. "మరి నేను తింటే ఎవరూ ఏమీ అనుకోలేదుగా అత్తయ్యగారూ" అనేశాను. ఆవిడ మాట్లాడలేదు. కాసేపటికి, "నేనూ పదకొండు మందికి పెట్టాక ఆ కుండలో అడుగున ఉన్నదే తినేదాన్ని. అప్పుడు నన్నూ ఎవరూ అడగలేదు" అన్నారు నెమ్మదిగా. ఆవేళ ఆవిడకి కుర్చీ వేసి, గిన్నె మొదట ఆవిడకే ఇచ్చాను.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మిగిలిన అన్నాన్ని గిన్నెలో అలాగే వదిలేసి పొద్దున్న తినడం చద్దన్నం కాదు. వండిన వేడికి చావని సూక్ష్మజీవులు కొన్ని బియ్యంలో ఉంటాయి. అన్నం వెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి విషం పుట్టిస్తాయి, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే త్వరగా ఆరబెట్టాలి, వెంటనే తోడు పెట్టాలి. పెరుగు పులుపు చాలావరకు కాపాడుతుంది. రోహిణి కార్తె ఎండల్లో నేనైతే తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. జిగురొచ్చినా, వాసన తేడాగా ఉన్నా పారేయండి. అక్కడ పొదుపు వద్దు.

రెండోది, చద్దన్నం తింటే షుగరు పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం అరగడానికి మొండికేసే రకంగా మారుతుందన్నది నిజమే. కానీ ఆ మేలు కొంచెమే. మా ఇంట్లో మేలు చేసేదేదైనా ఉంటే అది తగ్గిన గరిటెలు, పెరిగిన కూర ముక్కలు.

మా వారు పూర్తిగా మారిపోయారనుకోకండి. శనివారం వచ్చేసరికి "ఇవాళ ఇడ్లీయేగా?" అని అడుగుతూనే ఉంటారు. వేస్తాను కూడా. అయితే ఆ రోజు పిండి రుబ్బేది, గిన్నెలు తోమేది ఆయనే, అది మా ఒప్పందం.

మన పాత తిండి మంచిదే. దాన్ని మళ్ళీ తెచ్చుకుందాం. కానీ తెచ్చుకునేటప్పుడు వంటింటి గట్టు దగ్గరికి కాదు, బల్ల మీదకి తెచ్చుకుందాం. ఇల్లాలు ఒంటరిగా నిలబడి తింటే అది మిగులు. అందరూ కూర్చుని తింటేనే అది ఆరోగ్యం.

రేపు పొద్దున్న మీ ఇంట్లో రాత్రి అన్నం ఎవరి గిన్నెలోకి వెళ్తుందో ఒక్కసారి చూడండి.