ఆసుపత్రి అంటే డాక్టరమ్మ ఒక్కరే కాదు

పదో తరగతి అమ్మాయిల తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడిగేది ఒక్కటే: "మేడమ్, బైపీసీలో చేర్పిస్తే డాక్టర్ అవుతుందా?" ఆ సీటు రాకపోతే పాప చదువే పాడైనట్టు ఇంటిల్లిపాదీ దిగులుపడతారు.

మన చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గారు 1983లో చెన్నైలో అపోలో ఆసుపత్రిని ప్రారంభించారు. ఆయన కుమార్తె సునీతా రెడ్డి గారు మెడిసిన్ చదవలేదు. స్టెల్లా మారిస్ కాలేజీలో ఎకనామిక్స్, మార్కెటింగ్, పబ్లిక్ రిలేషన్స్ చదివారు. తర్వాత ఫైనాన్స్ వైపు వచ్చారు. 2014లో అపోలోకు మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు.

"వాళ్లది సొంత ఆసుపత్రి కదా" అంటారు. నిజమే. మన పిల్లలకు ఆ ఆసరా లేదు కాబట్టే చదువు, మాట రెండూ గట్టిగా ఉండాలి. హెల్త్‌కేర్ మార్కెటింగ్ అంటే ప్రకటనలే కాదు. ఏ జబ్బుకు ఏ వైద్యం ఉందో, ఖర్చెంతో రోగి ఇంటివాళ్లకు అర్థమయ్యేలా, నిజాయితీగా చెప్పడం కూడా. మన రామకుప్పం వైపు పిల్లల చెవిన తెలుగుతో పాటు తమిళం, కన్నడం పడుతూనే ఉంటాయి. వాటికి మంచి ఇంగ్లిష్ తోడైతే ఈ పనికి అంతకన్నా పెట్టుబడి ఏముంది?

గ్రూపు ఎంచుకునే ముందు పాపను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. రేపు దారి మార్చుకుంటానన్నా ఓడిపోయిందనకండి. ఫీజు కట్టేది మీరే, చదవాల్సింది మాత్రం తను.