చీకటి పాచికి చక్కెర ఎక్కడిది?

కిరండూల్ రైలు మా టైడా స్టేషను దాటిందంటే ఒకదాని వెనక ఒకటి సొరంగాలే. చిన్నప్పుడు పశువుల వెంట తిరుగుతూ సొరంగం మూతి దగ్గర రాతిగోడని చూసేవాణ్ణి. వానాకాలం మూతి దగ్గర పచ్చటి పాచి. నాలుగడుగులు లోపలికి చూస్తే ఉత్త నల్లరాయి. వెలుతురు ఎంతవరకో పాచి అంతవరకే. కాలేజీలో కిరణజన్య సంయోగక్రియ పాఠం విన్నప్పుడు, ఇది నాకు ముందే తెలుసు గదా అని లోలోపల గర్వపడ్డాను.

తెలిసింది సగమేనని తర్వాత తేలింది. క్లోరెల్లా వంటి కొన్ని సూక్ష్మ శైవలాలు కటిక చీకట్లోనూ పెరుగుతాయి. మూసిన ఉక్కు ట్యాంకులో నీళ్లు, గ్లూకోజు, కాసిని లవణాలు వేసి, గాలి ఊదుతూ కలియబెట్టాలి. రొట్టెల ఈస్టుని పెంచినట్టే. ఎండలో మడి కట్టి పెంచితే పైపొర నీడ కిందిపొర మీద పడుతుంది, ఒత్తుగా పోసిన చోడి నారులాగ. అందుకే అక్కడ లీటరు నీటికి ఒక గ్రాము ఎండు పాచి రావడమే గగనం. చీకటి ట్యాంకుకి ఆ చిక్కు లేదు. క్లోరెల్లాని లీటరుకి వంద గ్రాములు దాటించినవారున్నారు.

అమెరికాలో 1985లో పుట్టిన మార్టెక్ కంపెనీ, క్రిప్థెకోడినియం అనే సముద్రపు సూక్ష్మజీవిని (అది అసలు ఎండతో పని పెట్టుకోని రకం) ట్యాంకుల్లో పెంచి డి.హెచ్.ఎ. నూనె తీసింది. తల్లిపాలలోనూ చేపనూనెలోనూ ఉండే కొవ్వు ఆమ్లం అది, పసిబిడ్డ మెదడుకీ కంటికీ కావలసింది. 2001లో అక్కడి ఆహార, ఔషధ శాఖ అభ్యంతరం లేదన్నాక డబ్బాపాలలోకి చేరింది.

సంక్రాంతి సెలవుల్లో ఈ సంగతంతా ఉత్సాహంగా మా అయ్యకి చెప్పాను. "ఎండ లేకుండా బతికితే బతికిందిలే. మరి తిండెక్కడిదిరా దానికి?" అన్నాడు. చక్కెర అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. కొండ మీద పని లేని రోజుల్లో అనకాపల్లి వైపు గానుగాటకి కూలికి దిగి, బెల్లం పెనం దగ్గర పొగ మింగిన మనిషి ఆయన.

నా అభిప్రాయం ఆ నవ్వుతోనే కుదిరింది. "వెలుతురు అక్కర్లేదు, నేల అక్కర్లేదు" అని రాసేవాళ్లు సగం లెక్కే చూపిస్తున్నారు. ఎండ ట్యాంకు మీద పడకపోతే చెరకు ఆకు మీద పడింది, అంతే! కిలో గ్లూకోజు పోస్తే వచ్చే ఎండు పాచి సుమారు అరకిలో. తక్కిన దాంట్లో చాలాభాగం బొగ్గుపులుసు వాయువై పోతుంది. ఇలాంటి బేరంతో చవక సరుకు చేస్తే ఏమవుతుందో సోలజైమ్ కథ చూడండి. 2003లో మొదలైన ఆ అమెరికా కంపెనీ, బ్రెజిల్‌లో చెరకు మిల్లు పక్కనే కార్ఖానా పెట్టి మరీ నూనె తీసింది. ముందు ఇంధనం అంది, తర్వాత ఆహారం అంది, పేరు కూడా మార్చుకుంది. 2017లో దివాలా పిటిషను వేసింది. కాబట్టి గ్రాముల్లో తూచి అమ్మే సరుక్కే ఈ పద్ధతి పనికొస్తుంది. ఆ గ్రాముల ధరలో చెరకు కొట్టినవాడికి ఏం ముడుతుందన్నది కూడా సైన్సు విద్యార్థి అడగవలసిన ప్రశ్నే అంటాను. అది కామర్సు వాళ్ల పని అని ఒక మిత్రుడు వాదించాడు. నేను ఒప్పుకోలేదు.

అలాగని పెదవి విరిచి కూర్చోమనడం లేదు. అనకాపల్లి బెల్లం మనకి దగ్గర. భీమిలి తీరంలో రొయ్యపిల్లల హేచరీలకి శైవలాలు రోజూ కావాలి. మన ప్రయోగశాలలో బెల్లంనీళ్ల మీద క్లోరెల్లాని ఎందుకు పెంచి చూడకూడదు? చిక్కులు రెండు. బెల్లంలో ఎక్కువగా ఉండేది సుక్రోజు, ముందు దాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టాలి. రెండోది, తీపి నీళ్లలోకి పాచి కన్నా ముందు బాక్టీరియా, ఈస్టు దూరతాయి. పొద్దున దించిన జీలుగు కల్లు మధ్యాహ్నానికి ఏమవుతుందో మా కొండ పిల్లవాణ్ణి ఎవర్నడిగినా చెబుతాడు. అన్నీ ఉడికించి, గాలిని దూదిలోంచి వడగట్టి పంపాలి.

యూనియన్ వారు వచ్చే ఏడు బడ్జెట్టులో ఒక పెద్ద ప్రెషర్ కుక్కరు, చేపల తొట్టెకి వాడే గాలి పంపు, రెండు గాజుజాడీలు, చుట్టడానికి నల్లగుడ్డ రాయించగలిగితే పని మొదలెట్టొచ్చు. రాత్రిళ్లు కాపలాకి నేనుంటాను. బెల్లం మాత్రం ఊరికే అడగొద్దు, డబ్బిచ్చి కొనమను అని మా అయ్య మరీ మరీ చెప్పాడు.